బస్రా బుడ్డి

లోకంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి. తపాలా బిళ్ళలు పోగుచేసేవారు కొందరు, పాత నాణాలు పోగుచేసేవారు కొందరు. మా కాలేజీలో ఒకాయన పెళ్ళి శుభలేఖలు పోగుచేస్తాడు. ఇవన్నీ పెద్దమనుషులకు వుండదగ్గ పిచ్చిలు. "తమకేమిటండీ సరదా?" అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి బాగుంటాయి. నాకు పట్టిన పిచ్చి అలా నలుగురిలో చెప్పుకోదగ్గది కాదు. నేను ఫిరంగి గుండ్ల ఫ్యూజులు పోగుచేశాను.

"తెలుగు ఎమ్మే చదివి, పిల్లలకు ఛందస్సు చెప్పుకుని బతికే మనిషికి ఫిరంగులతో ఏం పనయ్యా?" అని మీరు అడగవచ్చు. మా ఆవిడ ఆరేళ్ళుగా ఆ ప్రశ్నే అడుగుతోంది. ఆవిడకు ఎన్నడూ సరైన జవాబు చెప్పలేదు గనక, ఇక్కడ మీకు చెబుతున్నాను. ఎలాగూ ఆవిడ కూడా చదువుతుంది.

ఈ కథ మా మామ్మ సారెతో మొదలవుతుంది.

మా సొంత ఊరు రాజోలు దగ్గర కాలవగట్టు మీది పల్లె. అక్కడి మా ఇంట్లో, వంటింటి గూట్లో, ఒక ఇత్తడి వస్తువు వుండేది. గుప్పిట్లో పట్టీ పట్టకుండా వుంటుంది. అడుగున వెడల్పు, పైకి పోయినకొద్దీ సన్నం. గుడి శిఖరం మీది కలశాన్ని సగానికి కోసి తెచ్చినట్టుంటుంది. చూస్తే ఇంతే కదా అనిపిస్తుంది గాని, ఎత్తితే చెయ్యి కిందికి లాగుతుంది. నడుము చుట్టూ వలయాలు. ఒక వలయం అంచున సన్నని గీతలూ, వాటి పక్కన అంకెలూ చెక్కి వున్నాయి. మామ్మ కాపురానికి వచ్చినప్పుడు సారె సామానుతో పాటు వచ్చింది. ఇంట్లో అందరం దాన్ని "బస్రా బుడ్డి" అనేవాళ్ళం.

ఆ బుడ్డి చెయ్యని చాకిరీ లేదు. మాగాయ ముక్కలు ఊటలో మునగడానికి పళ్ళెం మీద బరువు అదే. గాలికి పంచాంగం ఎగిరిపోకుండా అదే. మధ్యాన్నం తలుపు దఢాలున కొట్టుకోకుండా అదే. మా తేమగాలికి ఇత్తడికి చిలుము పట్టడం ఎంతసేపు? అయినా ఆ బుడ్డికి చిలుము పట్టగా నేను చూడలేదు. ఏటా దసరాకు మామ్మ చింతపండు పెట్టి స్వయంగా తోమేది. ఆ పని కోడళ్ళకు కూడా అప్పగించేది కాదు.

బస్రా అన్నది ఏ దేశంలో వుందో చిన్నప్పుడు నాకు తెలియదు. బాసర అనుకున్నాను. బాసర సరస్వతీదేవి గుళ్ళోంచి తెచ్చిన కలశం కాబోలునని, పరీక్షలకు వెళ్ళేముందు దానికి దణ్ణం పెట్టుకునేవాణ్ణి. లెక్కల్లో తప్ప అన్నింట్లోనూ ఫలితం కనిపించింది.

తరువాత తెలిసింది. మామ్మ నాన్నగారు, అంటే నాకు ముత్తాత, మొదటి ప్రపంచయుద్ధంలో మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ పటాలంలో చేరి మెసొపొటేమియాకు వెళ్ళారు. ఇప్పటి ఇరాక్ అన్నమాట. వంతెనలు కట్టడం, రోడ్లు వెయ్యడం, కందకాలు తవ్వడం ఆ పటాలం పని. మన గోదావరి వాళ్ళకు పటాలం కొత్తేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని నేటికీ మిలిటరీ మాధవరం అనే అంటారు. మా ముత్తాత బస్రా రేవులో దిగి, టైగ్రిస్ నది వెంబడి పైకి పోయి, యుద్ధం ముగిశాక ఒంటినిండా మలేరియాతో, చేతిలో ఈ బుడ్డితో ఇంటికి వచ్చారు. ఆయన ధైర్యానికి మెచ్చి, రాజుగారి తరఫున దొరగారు ఇచ్చిన బహుమతి అది అని మా వంశంలో వాడుక. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు మా పెద్దవాళ్ళు ఆ సంగతి ఒకసారైనా అనకుండా వుండేవారు కారు.

1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ వాళ్ళెవరికీ ఒకరు చెప్పక్కరలేదు. అప్పుడు నేను ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. రాత్రంతా దూలం కింద ముడుచుకు కూర్చుని, తెల్లవారి బయటికి వస్తే, ఇంటిమీద పెంకు లేదు, పెరట్లో నీడ లేదు. కొబ్బరి చెట్లు కొన్ని వేళ్ళతో సహా పడిపోయాయి. పడనివాటికి తలలు లేవు. ఉత్త మొండాలు వరసగా నిలబడి వున్నాయి. మామ్మ పెరటి గుమ్మంలో నిలబడి వాటివంక చాలాసేపు చూసింది. "నాన్న చెప్పింది ఇదేరా" అన్నది. ఏమిటి చెప్పారని అడిగే తీరిక ఎవరికీ లేదు. తరువాత ఆవిడ కూలిన వంటింటి గోడ దగ్గర బురదలో చేతులు పెట్టి వెతికి, బస్రా బుడ్డి తీసి, కొంగుతో తుడుచుకుంది.

ఆ మాట అక్కడ వుంచండి. మళ్ళీ దానికి వస్తాను.

ఆరేళ్ళ కిందట, వేసవి సెలవుల్లో, కొత్తపేట నుంచి ఒక సుబేదారుగారు మా పల్లెకు వచ్చారు. ఫిరంగి దళంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. హైదరాబాదులో గోల్కొండ ఆర్టిలరీ సెంటరులో పిల్లలకు పాఠాలు కూడా చెప్పారు. ఆయన మనవడు నా శిష్యుడు. ఏదో పనిమీద వచ్చి, అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, ఎండలో పెట్టిన మాగాయ పళ్ళెం వైపు చూసి గ్లాసు దించారు.

"మేష్టారూ, ఆ బరువు కాస్త కడిగి తెప్పిస్తారా?"

కడిగి తెచ్చి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, బుడ్డిని మెల్లిగా తిప్పుతూ, నేను తామ్రశాసనం చదివేటంత శ్రద్ధగా చదివారు. ఒకచోట చిన్న బాణం గుర్తు. అది బ్రిటిషు ప్రభుత్వపు సొత్తు అని చెప్పే ముద్ర. పక్కన 80 అనే అంకె. అది ఈ రకం నంబరు. దాని తరువాత రోమన్ లిపిలో అయిదు. అంటే ఆ రకంలో అయిదో మాదిరి. చేసిన కంపెనీ పొడి అక్షరాలు. చివర 16. అంటే 1916.

"రాజుగారి పేరు ఎక్కడుందండీ?" అన్నాను.

"రాజుగారికీ దీనికీ ఏం సంబంధం, మేష్టారూ? ఇది ఫ్యూజు" అన్నారు ఆయన.

నాకు తెలిసిన ఫ్యూజు ఒక్కటే. అది పోతే దీపాలు ఆరిపోతాయి. ఈ ఫ్యూజు వేరట. ఇంగ్లీషులో కరెంటు ఫ్యూజుకు ఎస్సు రాస్తారు, ఫిరంగి ఫ్యూజుకు జెడ్డు రాయడం సైన్యంలో ఆచారం. తెలుగులో రెంటికీ ఒకే జకారం గనక మనకు ఆ చిక్కు లేదు. ఫిరంగి గుండు అంటే మనం బొబ్బిలి కథలో విన్న ఇనప బంతి కాదు. మొన తేలిన డొల్ల. లోపల మందు వుంటుంది. ఆ మందు ఎక్కడ, ఎప్పుడు అంటుకోవాలో నిర్ణయించేది మొనకు బిగించిన ఈ ఇత్తడి ముక్క.

ఈ 80 నంబరుది కాలం చూసి పనిచేసే ఫ్యూజు. దీని వలయాల లోపల సన్నని కాలవలో మందు కూరి వుంటుంది. తాటాకు టపాకాయకు వత్తి వున్నట్టే. పైన అంచున 0 నుంచి 22 దాకా అంకెలు. గుండును ఫిరంగిలో పెట్టబోయేముందు ఫిరంగివాడు వలయాన్ని కావలసిన అంకెకు తిప్పుతాడు. ఫిరంగి పేలిన అదురుకు లోపలి నిప్పు అంటుకుని, వత్తి కాలడం మొదలవుతుంది. అంకె ఎంత పెద్దదైతే అంతసేపు కాలుతుంది. కాలవ చివరికి వచ్చేసరికి గుండు ఆకాశంలో, శత్రువు తలమీదికి వస్తుంది. 18 పౌన్ల ఫిరంగి గుండు అయితే అందులో దాదాపు 375 సీసపు గోళీలు. అవి వడగళ్ళలా కిందికి కురుస్తాయి. డొల్ల మాత్రం చీలదు. గోళీలు ముందుకు పోయే తోపుకు ఈ ఫ్యూజు వూడి, దూరంగా నేలమీద పడుతుంది.

సుబేదారుగారు బుడ్డి తిరగేసి చూపించారు. అడుగున మరలు నలిగి వున్నాయి. లోపల కన్నాలు, మామ్మ చింతపండుకు అందని చోట, ఇంకా నల్లగానే వున్నాయి.

"ఇది పేలిపోయిన గుండుది. ఎవరో నేలమీద ఏరుకున్నారు. సిపాయిలు ఇలాంటివి ఏరుకుని ఇంటికి తెచ్చుకోవడం మామూలే. ఇదుగో, వలయం ఎక్కడ ఆగిందో చూశారా? 9కి కొంచెం ఇవతల. అంటే ఆ రోజు ఫిరంగివాడు పెట్టిన అంకె ఇది."

నూరేళ్ళుగా మా మాగాయ మీద కూర్చున్న బరువు, ఒకనాడు ఎవరో తెల్లవాడో నల్లవాడో తన వేళ్ళతో తిప్పి, తొమ్మిదికి ఇవతల ఆపి, ఫిరంగిలోకి తోసిన వస్తువు. కొద్ది క్షణాల తరువాత 375 గోళీలు ఎవరిమీద కురిశాయో! రాజుగారి బహుమతి కాస్తా ఎంగిలి విస్తరి అయిపోయింది. నాకు నోట మాట రాలేదు.

వెళ్ళేముందు సుబేదారుగారు రెండు మాటలు చెప్పారు. "ఇది ఉత్త డొల్ల గనక ఫరవాలేదు" అన్నది ఒకటి. "ఇలాంటిది ఇంకెక్కడ కనిపించినా నన్ను పిలవకుండా ముట్టుకోవద్దు" అన్నది రెండోది. మొదటిది శ్రద్ధగా విన్నాను.

మామ్మకు ఈ సంగతి చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. అప్పటికే ఆవిడకు తొంభైకి దగ్గర. నాన్నగారి గౌరవమంతా ఆ బుడ్డిలో దాచుకున్న మనిషికి, అది పొలంలో ఏరుకున్న ముక్క అని చెప్పి బావుకునేదేముంది?

కాని నాకు మాత్రం పిచ్చి పట్టింది. మొదటిసారి శాసనలిపి చదవడం వచ్చినవాడికి దారిలో ప్రతి బండా శాసనంలాగే కనిపిస్తుంది. పాత ఇత్తడి కొట్ల ముందు నా స్కూటరు దానంతట అదే ఆగేది. హైదరాబాదు వెళ్ళినా చెన్నై వెళ్ళినా పాత సామాన్ల బజారు చూడందే రైలెక్కేవాణ్ణి కాను. వెతికేవాడికి దొరక్కపోవు. పాత బంగళాల వేలంపాటల్లో, కాగితాల మీద బరువుగా, సిరాబుడ్డిగా, చుట్టకుదుపుకునే పళ్ళెంగా మారిపోయి కనిపిస్తాయి. యుద్ధం ముగిశాక సిపాయిలూ కంసాలులూ కలిసి చేసిన మార్పులవి.

గుర్తుపట్టడంలో ఒక వరస వుంది. మొదట ఆకారం. వలయాలూ అంకెలూ వుంటే కాలాన్ని బట్టి పేలేది. వలయం లేకుండా నున్నగా వుంటే నేలను తాకినప్పుడు పేలేది. తరువాత లోహం. ఇత్తడా, అల్యూమినియమా, ఉక్కా? తరువాత మరల కొలత. అది ఏ గుండుకు పట్టేదో చెబుతుంది. అక్షరాలు అన్నింటికీ చివర చదవాలి. ఎందుకంటే నంబరు చూసి మురిసిపోయినవాడు తక్కినవి చూడడు. మన దేశంలో తయారైన ఆయుధాల కథ వేరే వుంది. కలకత్తా దగ్గర కాశీపూరులో తుపాకులూ గుండ్లూ చేసే కర్మాగారం 1801లో నెలకొన్నది. అక్కడ పని మొదలైన 1802 మార్చి 18ని తలచుకుంటూనే మార్చి 18ని ఆయుధ కర్మాగారాల దినంగా జరుపుతూ వచ్చారు.

ఈ గుర్తుల్లో ఒకటి నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. యుద్ధానికి ముందు ఇంగ్లండులో చేసిన 80 నంబరు ఫ్యూజుల మీద కె.పి.జెడ్. 96/04 అని వుండేది. ఏమిటా ఇది అని చూస్తే, జర్మనీలో క్రుప్ కంపెనీ వారి హక్కు గుర్తు. ఆ ఫ్యూజు పథకం క్రుప్ వారిది. ఇంగ్లండులో వికర్స్ కంపెనీ వారు ఫ్యూజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలు ఇచ్చే ఒప్పందం మీద చెయ్యసాగారు. ఇంతలో యుద్ధం వచ్చింది. జర్మనుల ఫ్యూజు బిగించిన ఇంగ్లీషు గుండ్లు జర్మనుల మీదే పేలాయి. యుద్ధం ముగిశాక క్రుప్ వారు సిగ్గుపడకుండా బాకీ అడిగారు. చివరికి 1926లో 40,000 పౌన్లకు రాజీ అయింది. కురుక్షేత్రం ముగిశాక, బాణాల ములుకులు తనవేనంటూ ఎవరో కమ్మరి ధర్మరాజు దగ్గరికి పద్దు తెచ్చినట్టు!

నా బల్లమీద పదకొండు ఫ్యూజులు చేరాయి. అన్నీ ఉత్త డొల్లలే. ఒక్కొక్కటీ సుబేదారుగారు చూసి సరేనన్నాకే ఇంట్లోకి వచ్చింది. మొదట్లో అంతే జాగ్రత్తగా వుండేవాణ్ణి. మా ఆవిడ మటుకు, "ఇంట్లో ఇత్తడి బిందె ఒకటి కొనమంటే ధర చూసి వెనక్కి తిరిగారు. ఈ బొడిపెలకు మాత్రం డబ్బులుంటాయి" అంటూ వుండేది. ఆవిడ అన్నది అబద్ధం కాదు.

రానురాను నాకు గర్వం వచ్చింది. నేనే గుర్తుపట్టగలననుకున్నాను. సగం విద్య వచ్చినవాడికి వుండే ధైర్యం, పూర్తి విద్య వచ్చినవాడికీ వుండదు, బొత్తిగా రానివాడికీ వుండదు.

రెండేళ్ళ కిందట సంక్రాంతి ముందు, ఒక పాత లోహాల కొట్లో ఇత్తడి కుప్ప అడుగున ఒకటి కనిపించింది. వలయాలు లేవు. 117 అనే నంబరు, 1944 అనే సంవత్సరం. రెండో ప్రపంచయుద్ధం నాటిది, నేలకు తగిలి పేలే రకం. నా దగ్గర లేని రకం! తూకం వేయించి, కిలో ధరకు కొన్నాను. కొట్టువాడు దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. స్కూటరు ముందు సంచిలో పడేసి, గతుకుల రోడ్డు మీద అమలాపురం తెచ్చాను. సుబేదారుగారికి పండుగకు చూపించవచ్చులే అని, సూర్యరాయాంధ్ర నిఘంటువు పక్కన నిలబెట్టాను.

భోగి ముందురోజు సాయంత్రం. పెరట్లో మా అబ్బాయీ, వాడి స్నేహితులూ భోగిమంటకు పుల్లలు పేరుస్తున్నారు. మా ఆవిడ గదులు దులుపుతూ, "పనికిరాని పాత సామానంతా భోగిమంటలో వేసేస్తాను, ఎవరి బొడిపెలు వాళ్ళు దాచుకోండి" అని అందరికీ వినిపించేలా అంటోంది. అదే సమయానికి సుబేదారుగారు అరిసెల డబ్బాతో వచ్చారు. ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడుతూ వుండగా, మా అబ్బాయి గుమ్మంలోకి వచ్చాడు. వాడి కుడిచేతిలో పటకారు వుంది. ఎడమచేతిలో ఆ ఫ్యూజు వుంది.

"నాన్నా, దీని మూత తిరగటం లేదు. కాస్త పడతావా?"

సుబేదారుగారు లేవలేదు. గొంతు కూడా పెంచలేదు. "బాబూ, కదలకు. పటకారు వదిలెయ్. ఆఁ. ఇప్పుడు చేతిలోది మెల్లిగా ఆ మంచం మీది పరుపు మీద పెట్టు. మెల్లిగా. శెభాష్. ఇక బయటికి నడు" అన్నారు. వాడు వెళ్ళాక దూరంనుంచే వంగి చూసి, నా వైపు తిరిగారు. "మేష్టారూ, మీ ఆవిడగారినీ, పిల్లలనూ, ఇరుగుపొరుగునూ వీధి చివరికి పంపండి. ఆ మూత ఫిరంగిలో పెట్టేముందు తీసెయ్యవలసిన మూత. తియ్యలేదు. అంటే దీన్ని ఎవరూ పేల్చలేదు."

తరువాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఆయనే పోలీసులకు ఫోను చేశారు. వీధికి అటూ ఇటూ తాళ్ళు కట్టారు. బాంబులు తీసే దళం వచ్చేసరికి చీకటి పడింది. ఇసుక నింపిన తొట్టెలో దాన్ని పెట్టుకుని, ఏటి ఒడ్డున జనం లేని ఇసుకతిన్నె మీదికి తీసుకుపోయారు. మేమంతా వీధి చివర ముగ్గుల మధ్య నిలబడి వున్నాం. ఎంత దూరాన్నుంచో ఒక చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేమీ కాదు. ముదురు కొబ్బరికాయ రాతిమీద పగిలినంత. "అందులో వుండేది కొంచెమే మందు. కాని పదేళ్ళ పిల్లవాడి చేతికి, మొహానికి అదే చాలు" అన్నారు సుబేదారుగారు. మందు అనే మాట అంతవరకు నాకు నిఘంటువులో నానార్థాలు గల పదం. ప్రాణం నిలిపేదీ మందే, తీసేదీ మందే అని ఎన్నిసార్లు క్లాసులో చెప్పి పిల్లలను నవ్వించానో. ఆ తరువాత మళ్ళీ ఆ హాస్యం ఆడలేదు.

పోలీసు స్టేషనులో వాఙ్మూలం ఇచ్చి, హెచ్చరికలు పుచ్చుకుని, రాత్రి పదింటికి ఇల్లు చేరాను. పేలుడు పదార్థాల చట్టం 1908లోనే వచ్చిందని, తెలియక చేశాననడం జవాబు కాదని ఆ అధికారి మర్యాదగానే చెప్పాడు. మా ఆవిడ మూడు రోజులు నాతో ఒక్కమాట కూడా అనలేదు. ఆరేళ్ళు అన్న మాటలన్నీ దానికన్నా నయం.

ఇంతకాలమైన వస్తువులో ఇంకా ఏముంటుందిలే అనుకోవడం నాలాంటివాళ్ళు చేసే తప్పు. ఇత్తడికి వయసు వస్తుంది, లోపలి మందుకు బుద్ధి రాదు. బెల్జియంలో, ఫ్రాన్సులో ఇప్పటికీ రైతులు నాగలి వేస్తే మొదటి యుద్ధపు గుండ్లు పైకి వస్తూనే వున్నాయి. దాన్ని వాళ్ళు ఇనప పంట అంటారు. 2014 మార్చిలో బెల్జియంలో ఈప్ర పట్టణం దగ్గర అలాంటి పాత గుండు పేలి ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు. గుండు వేసి దాదాపు నూరేళ్ళు. వేసినవాడూ లేడు, ఎవరిమీద వేశాడో వాళ్ళూ లేరు. బాకీ మాత్రం తీరింది, ఆ తగవుతో సంబంధం లేనివాళ్ళ నుంచి.

అంచేత మీ ఇంటి అటకమీద, తాతల నాటి పెట్టెలో, ఇలాంటి ముక్క ఏదైనా కనిపిస్తే, నేను ఏకరువు పెట్టిన గుర్తులన్నీ మరిచిపొండి. తోమవద్దు, తిప్పవద్దు, పొయ్యి దరిదాపులకు తేవద్దు, తీసుకుని స్టేషనుకు కూడా పోవద్దు. వున్నచోటే వుంచి, పోలీసులకు కబురు చేసి, వాళ్ళనే రమ్మనండి. చూసి ఆనందించాలని వుంటే విశాఖ మ్యూజియానికి వెళ్ళండి. జపాను వాళ్ళు వేస్తే పేలకుండా మిగిలిన బాంబు అక్కడ పెట్టారు. నేను ఆ వేసవిలో మా అబ్బాయిని తీసుకువెళ్ళి చూపించాను. వాడు చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

భోగినాటి సంగతి పల్లెకు చేరకుండా వుంటుందా? కనుమనాడు మామ్మ నుంచి కబురు వచ్చింది, ఉన్నపళాన రమ్మని. వెళ్ళాను. మంచం మీద కూర్చుని వుంది. ఒళ్ళో బస్రా బుడ్డి.

"ఒరే నాన్నా, ఇదీ పేలుతుందిట్రా? ఇందరు పిల్లలను కన్నాను, పెంచాను. అందరూ దీంతో ఆడుకున్నవాళ్ళే."

ఇక దాచి లాభం లేదు. నాలుగేళ్ళుగా నోట్లో నొక్కిపెట్టిన మాట బయటికి వచ్చింది. "పేలదు మామ్మా. ఇది ఎప్పుడో పేలిపోయింది. యుద్ధంలో పేలాక నేలమీద పడితే, ముత్తాతగారు ఏరుకుని వుంటారు. రాజుగారు ఇచ్చింది కాదు."

ఆవిడ ముఖం చిన్నబోతుందనుకున్నాను. ఆవిడ నవ్వింది.

"రాజుగారు ఇచ్చాడని నాన్న ఎప్పుడన్నాడురా? నా పెళ్ళిచూపుల్లో మా మేనమామ అన్నాడు. కట్నం తక్కువైంది, గొప్ప ఎక్కువ చెయ్యాలి కదా. మీ తాతగారు నమ్మారు. ఇక నేనెందుకు కాదంటాను?"

తరువాత చెప్పింది. కాకినాడ మీద జపాను బాంబులు పడ్డ ఏడు. అంటే 1942, ఏప్రిల్ 6. ఆవిడకు పదకొండేళ్ళు. కాకినాడ నుంచి చుట్టాలు పిల్లాజెల్లాతో, మూటాముల్లెతో పడవల మీద వచ్చి వాళ్ళింట్లో దిగారు. బాంబు అంటే ఏమిటి నాన్నా అని అడిగితే, ఆయన లోపలికి వెళ్ళి ఈ బుడ్డి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారట. బస్రాలో ఏటి పొడుగునా ఖర్జూరపు తోటలేనట. పోటుకు కాలవల్లోకి నీరెక్కడం, పాటుకు తీయడం, చెట్ల కింద నీడలో పాకలు, పడవలు, అంతా మన కోనసీమేనట. దిగిన మొదటిరోజు ఇంటికి వచ్చినట్టే అనిపించిందట. తరువాత బాగ్దాదు దారిలో ఒక తోటమీద మూడురోజులు ఫిరంగులు పేల్చారు. నాలుగోరోజు రోడ్డు వెయ్యడానికి వీళ్ళ పటాలాన్ని పంపారు.

"చెట్టు చెట్టుకీ తల లేదుట. మొండాలు నిలబడి వున్నాయిట. తోటవాడు ఒక ముసలాయన ఒక్కొక్క చెట్టునూ తడుముతూ తిరుగుతున్నాడుట. నాన్నను చూసి తిట్టలేదుట, ఏడవలేదుట. కాళ్ళ దగ్గర పడివున్న దీన్ని తీసి నాన్న చేతిలో పెట్టి, నీ వస్తువు తీసుకో అన్నట్టు చూశాడుట. బహుమతి అంటే అదేరా. ఇచ్చింది రాజు కాదు, అంతే."

పెరట్లో తుఫాను తరువాత నాటిన కొబ్బరిచెట్లు గాలికి ఊగుతున్నాయి. మామ్మ బుడ్డి నా చేతికి ఇచ్చింది. "నాన్న పోయేదాకా దసరాకు తానే తోమేవాడు. తరువాత నేను. ఇక నా చేతుల్లో సత్తువ లేదు. నువ్వు తీసుకుపో" అన్నది.

తక్కిన పదకొండు ఫ్యూజులనూ సుబేదారుగారి చేత మరోసారి చూపించి, ఆయన ద్వారానే వదిలించుకున్నాను. వాటి నంబర్లు నాకు తెలుసు, వాటి తోటలు నాకు తెలియవు. ఇంట్లో వుంచుకోవడానికి మనసు ఒప్పలేదు. బస్రా బుడ్డి ఒక్కటీ మా దేవుడి గూటి పక్కన వుంది. మొన్న దసరాకు నేను చింతపండు నానబెట్టి కూర్చుంటే, మా ఆవిడ వచ్చి, "మీకు తోమడం రాదు గాని, ఇలా తెండి" అని లాక్కుంది. మా అబ్బాయి పక్కన కూర్చుని అంకెలు చదివాడు. వలయం ఇప్పటికీ 9కి కొంచెం ఇవతలే వుంది. దాన్ని తిప్పి చూద్దామని వాడు అడగలేదు.